గుండెను కూడా భద్రతా రిజిస్టర్‌లోకి ఎక్కించండి

పరిశ్రమల యాజమాన్యాలకు, భద్రతా కమిటీల సభ్యులకు, కర్మాగార వైద్యాధికారులకు నమస్కారం.

మొదట ఫిట్టర్‌గా, తర్వాత షిఫ్ట్ ఇన్‌చార్జిగా ముప్పై ఏళ్లకు దగ్గరగా కర్మాగారంలో పనిచేసి విరమించినవాడిని. ఒక రాత్రి షిఫ్టులో జరిగిన సంగతి ఈ లేఖకు మూలం. రెండు గంటలు దాటాక నా కింద పనిచేసే ఒక కాంట్రాక్టు కార్మికుడు వచ్చి, ఛాతీ మధ్యలో బరువుగా ఉందని, గ్యాస్ పట్టిందేమోనని అన్నాడు. వయసు నలభై రెండు. మనిషి ఉక్కులా ఉండేవాడు. ప్రథమ చికిత్స పెట్టెలోంచి గ్యాస్ మాత్ర తీసి నా చేత్తోనే ఇచ్చి, దుస్తులు మార్చుకునే గదిలో కాసేపు పడుకోమన్నాను. గంటన్నర తర్వాత వెళ్లి చూస్తే చొక్కా చెమటతో తడిసి ముద్దయి ఉంది. గేటు పాసు మీద సంతకం పెట్టవలసిన అధికారిని వెతికి పట్టుకోవడానికి ఇంకొంత సమయం పోయింది. అతను బతికాడు గానీ, గుండె కండరం చాలావరకు దెబ్బతిన్నదని వైద్యులు చెప్పారు. బరువు పని చేయలేడు కాబట్టి మరుసటి ఏడాది అతని కాంట్రాక్టును పొడిగించలేదు. ఆ నెల మా విభాగం భద్రతా బోర్డు మీద ‘ప్రమాదాలు: సున్నా’ అని ఉంది. ఆ అక్షరాలు రాసింది కూడా నేనే.

వేలు తెగితే అది ప్రమాదం. విచారణ జరుగుతుంది, యంత్రానికి కంచె వేస్తారు. గుండె ఆగితే అది ఆ మనిషి సొంత అనారోగ్యం. సానుభూతి తెలిపి ఊరుకుంటారు. ఈ విభజన సరికాదనీ, గుండెజబ్బును రానివ్వని అలవాట్లలో చాలా భాగం కార్మికుడి ఇంట్లో కాక, మీరు నడిపే షిఫ్టులోనే తయారవుతాయి లేదా చెడిపోతాయనీ చెప్పడమే నా ఉద్దేశం. ఏటా ఒకసారి ఆరోగ్య దినం జరిపి, పొగ మానండి, ఉప్పు తగ్గించండి, వ్యాయామం చేయండి అన్న పోస్టరు అంటించడం తప్పని అనను. ఆ పోస్టరు కింద నిలబడిన మనిషికి వాటిలో ఏది ఎప్పుడు చేయడానికి వీలుందో అడగకపోవడమే తప్పు.

ముందుగా మనందరిలో పాతుకుపోయిన ఒక నమ్మకం గురించి చెప్పాలి. రోజంతా ఒళ్లు వంచి పనిచేసేవాడికి వేరే వ్యాయామం ఎందుకు, వాడికి గుండెజబ్బు ఎందుకు వస్తుంది అని కార్మికులూ అంటారు, అధికారులూ అంటారు. దీనికి ఆధారంగా చూపదగిన పరిశోధన ఒకటి లేకపోలేదు. 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్, ఆయన సహచరులు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, కూర్చుని బండి నడిపే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉందని లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. శారీరక శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధం మీద ఆధునిక పరిశోధనకు అదే నాంది. అయితే అదే బృందం మూడేళ్ల తర్వాత సిబ్బంది యూనిఫారాల కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కండక్టర్ల కంటే ఎక్కువగా తేలింది. అంటే మెట్ల ఘనత ఎంత, ఆ ఉద్యోగంలో చేరిన మనుషుల మధ్య ముందే ఉన్న తేడా ఎంత అన్న ప్రశ్న పుట్టింది. దర్జీ కొలతలతో తమ ఫలితాన్ని తామే ప్రశ్నించుకున్న ఆ నిజాయితీ నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

మెట్లెక్కడం వేరు, ఎనిమిది గంటలు బరువులు మోయడం వేరు. కోపెన్‌హాగెన్‌లో లక్షకు పైగా వయోజనులను ఏళ్ల తరబడి గమనించి 2021లో ప్రచురించిన పరిశోధనలో, తీరిక వేళ శారీరక శ్రమ ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు, అకాల మరణం ముప్పు తగ్గగా, ఉద్యోగంలో శ్రమ ఎక్కువగా ఉన్నవారికి ఆ ముప్పు పెరిగినట్టు కనిపించింది. పరిశోధకులు చెప్పే కారణాలు షాపు ఫ్లోరు మీద నిలబడ్డవాడికి కొత్తవి కావు. నడక, పరుగు వంటివి గుండె వేగాన్ని కాసేపు పెంచి, తర్వాత విశ్రాంతినిస్తాయి. బరువు ఎత్తి పట్టుకోవడం, ఒకే భంగిమలో బిగబట్టి నిలబడడం రక్తపోటును గంటల తరబడి పైనే ఉంచుతాయి. మరుసటి షిఫ్టులోగా ఒళ్లు తేరుకోదు. ఒళ్లు అలసిపోవడం, గుండె బలపడడం ఒకటి కావు. అందుకే వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక వంటి వ్యాయామం చేయాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన బస్తాలు మోసేవాడికీ వర్తిస్తుంది. షిఫ్టు ముగిసేసరికి కాళ్లు లాగేసేవాడికి ఆ నడక ఎక్కడ కుదురుతుందన్నది మాత్రం మీ పని విభజన, మీ ఓవర్‌టైమ్ లెక్కలు తేల్చవలసిన విషయం.

ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే వైద్య పరీక్ష చేసి గట్టివాళ్లను ఏరుకుంటాం కాబట్టి, మొదటి పదేళ్లు మన కార్మికుల లెక్కలు బయటివాళ్ల కంటే మెరుగ్గానే కనిపిస్తాయి. ఆ మెరుగు చూసి పరిశ్రమ ఆరోగ్యకరమైనదని అనుకోవడం పొరపాటు. మనం తెచ్చుకున్న ఆరోగ్యాన్ని మనం ఇచ్చిన ఆరోగ్యంగా లెక్క రాసుకుంటున్నాం.

ఇక రక్తపోటు సంగతి. ఇది నొప్పి లేని జబ్బు. కొలిస్తే తప్ప తెలియదు. మన దగ్గర కొలిచే తీరు ఎలా ఉందో చూడండి. ఏడాదికోసారి వైద్య శిబిరం పెడతారు. షిఫ్టు మధ్యలో మనిషిని పిలుస్తారు. అతను మెట్లు దిగి, దారిలో ఒక సిగరెట్ కాల్చి, వరుసలో నిలబడి, కుర్చీలో కూర్చున్న మరుక్షణం పట్టీ బిగిస్తారు. పక్కన కంప్రెసర్ మోగుతూ ఉంటుంది. ఆ అంకెకు విలువేముంటుంది? కొలతకు ముందు అరగంటసేపు పొగాకు, టీ, కాఫీ, శ్రమ ఉండకూడదు. మూత్ర విసర్జన చేసి రావాలి. వీపుకు ఆసరా ఇచ్చి, పాదాలు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. కనీసం రెండుసార్లు కొలవాలి. బరువు పని చేసేవాళ్ల దండచేతులు లావుగా ఉంటాయి కాబట్టి మామూలు పట్టీ చాలక, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ ఒకటి తెప్పించడం బోల్టుల ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. పరికరాన్ని నిశ్శబ్దంగా ఉండే గదిలో ఏడాది పొడవునా అందుబాటులో ఉంచి, ఎవరి కార్డు మీద వాళ్లు నెలకోసారి రాసుకునేలా చేస్తే, ఏడాదికోసారి జరిగే శిబిరం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

కొలిచిన తర్వాతి కథ ఇంకా ముఖ్యం. వైద్యుడు ‘రోజూ ఉదయం టిఫిన్ తర్వాత ఒకటి’ అని మాత్ర రాస్తాడు. మూడు షిఫ్టుల్లో తిరిగే మనిషికి ఉదయం అంటే ఏది? ఒక వారం అది నిద్ర లేచే వేళ, ఒక వారం పడుకునే వేళ, ఒక వారం పంచింగ్ చేసే వేళ. నాకు తెలిసిన చాలామంది షిఫ్టు మారిన మొదటి రెండు రోజులూ మాత్ర మరిచిపోయేవారు, మూడో రోజు మళ్లీ మొదలుపెట్టేవారు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే రకం మాత్ర రాసినవాళ్లయితే ఏకంగా మానేసేవారు. లైను వదిలి గంటకోసారి వెళ్లడానికి సూపర్‌వైజరు ఒప్పుకోడు, మరుగుదొడ్డి ఆ చివరెక్కడో ఉంటుంది. ఇది క్రమశిక్షణ లేకపోవడం కాదు. మాత్ర వేసుకునే వేళను గడియారానికి కాక, నిద్ర లేవడం వంటి ఒక పనికి ముడిపెట్టవచ్చా అని వైద్యుణ్ణి అడగమని కార్మికుడికి చెప్పండి. ఆ సంభాషణ జరగాలంటే షిఫ్టు పట్టికను కర్మాగార వైద్యుడు ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని చదవాలి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. కార్మికులు రక్తపోటును దాచిపెడతారు. క్రేను నడిపేవాడు, ఎత్తుల మీద పనిచేసేవాడు తన అంకె బయటపడితే ఆ పని నుంచి తప్పిస్తారని, దానితో పాటే భత్యం, ఓవర్‌టైమ్ పోతాయని భయపడతాడు. పరీక్ష రోజున తోటివాడిని పంపినవాళ్లను, ముందు రాత్రి రెండు మాత్రలు ఒకేసారి మింగి వచ్చినవాళ్లను నేనెరుగుదును. పరీక్ష ఫలితం కార్మికుడికి, వైద్యుడికి మధ్యనే ఉండాలి. యాజమాన్యానికి అందవలసింది ఈ పనికి తగునా, తగడా అన్న మాట మాత్రమే. తగడని తేలితే, రక్తపోటు అదుపులోకి వచ్చేదాకా అదే వేతనం మీద వేరే పని ఇవ్వాలి. ఈ రెండు హామీలు రాతపూర్వకంగా ఇవ్వనంత కాలం మీ వైద్య శిబిరం మీకు అబద్ధాలే చెబుతుంది.

రాత్రి షిఫ్టు గురించి నేను వేరే చెప్పనక్కరలేదనుకుంటాను, కానీ అంకెలు కావాలనేవారి కోసం రాస్తున్నాను. ఇరవై లక్షల మంది వివరాలున్న అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. షిఫ్టుల్లో పనిచేసేవారికి గుండెపోటు ముప్పు దాదాపు 23 శాతం ఎక్కువని అందులో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు చేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. దీర్ఘ పని గంటల వల్ల ఒక్క 2016లోనే ఈ రెండు జబ్బులతో 7,45,000 మంది మరణించారు. కాబట్టి ఓవర్‌టైమ్ పట్టిక కూడా ఆరోగ్య పత్రమే. వరుసగా రెండు షిఫ్టులు చేయించి, మూడో రోజు ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అన్న ఉపన్యాసానికి అదే మనిషిని కూర్చోబెట్టడం చూసి నేను నవ్వలేకపోయాను.

పొగాకు విషయంలో మనమే ఒక విచిత్రమైన ఏర్పాటు చేసి పెట్టాం. పొగ తాగేవాడు గంటకో రెండు గంటలకో పది నిమిషాలు బయటికి వెళ్లి వస్తే ఎవరూ ఏమీ అనరు. తాగనివాడు ఊరికే కాసేపు గాలికి నిలబడితే పనిదొంగ అంటారు. కొత్తగా చేరిన కుర్రాళ్లు సిగరెట్ అలవాటు చేసుకున్నది దాని రుచి కోసం కాదు, ఆ పది నిమిషాల కోసం. మంటలు నిషేధించిన విభాగాల్లో అదే అలవాటు నమిలే పొగాకు రూపం ఎత్తుతుంది. పొగ రాదు కాబట్టి హాని లేదని అనుకుంటారు, కానీ నికోటిన్ రక్తనాళాలను బిగించే పని అక్కడా చేస్తూనే ఉంటుంది. విరామాన్ని అందరికీ సమానమైన హక్కుగా ప్రకటించి చూడండి, మానాలనుకున్నవాడికి సగం దారి సుగమమవుతుంది. పొగ మానేసిన ఏడాదికల్లా గుండెజబ్బు ముప్పు తాగేవాడితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంత త్వరగా ఇంత ఫలితం చూపే మార్పులు అరుదు. కొలిమి, ఫౌండ్రీ పనివాళ్లకు ఇది ఇంకా అవసరం. అక్కడి గాలిలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. సిగరెట్ పొగలోనూ అదే వాయువు ఉంటుంది.

వేడిలో పనిచేసేవారికి చెమటతో ఉప్పు పోతుంది కాబట్టి ఉప్పు ఎక్కువ తినాలన్న మాట దాదాపు ప్రతి క్యాంటీన్‌లోనూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. కానీ వేడికి అలవాటు పడడానికి పట్టే ఒకటి రెండు వారాల తర్వాత చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. మామూలు భోజనంలో ఉన్నదే చాలామందికి సరిపోతుంది. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిని చాలామంది ఇప్పటికే దాటేస్తున్నారు. వేడిలో ముందుగా కావలసింది నీళ్లు: పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. గుండె బలహీనత ఉన్నవాళ్లు, మూత్రం మాత్రలు వాడేవాళ్లు ఎంత తాగాలో వైద్యుణ్ణి అడగాలి. ఇక్కడా అడ్డంకి మరుగుదొడ్డే. వెళ్లవలసి వస్తుందని నీళ్లు తాగడం మానేసిన మనుషులు, ముఖ్యంగా మహిళా కార్మికులు, ప్రతి షిఫ్టులోనూ ఉంటారు. క్యాంటీన్ నూనె, వేపుళ్ల సంగతి మీకు తెలిసినదే; అర్ధరాత్రి వేళ వండినవి అయిపోయి పొట్లాల్లోని చిరుతిళ్లు మాత్రమే మిగలడం గురించి ఎవరైనా ఆలోచిస్తే చాలు.

అలవాట్లన్నీ కార్మికుడి చేతిలోనే ఉన్నాయనేవారికి ఒక పాత ఉదంతం గుర్తుచేస్తాను. విస్కోస్ రేయాన్ అనే కృత్రిమ నూలు తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ అనే రసాయనం ఆవిరి పీల్చేవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయని 1968లో బ్రిటన్ పరిశోధకులు వెల్లడించారు. ఫిన్లాండ్‌లో స్వెన్ హెర్న్‌బెర్గ్ బృందం కూడా అదే చూసింది. అక్కడ ప్రమాదాన్ని గుర్తించాక గాలిలో ఆ ఆవిరి మోతాదును గట్టిగా తగ్గించారు, ఎక్కువగా తగిలినవారిని వేరే పనులకు మార్చారు. తర్వాతి ఏళ్లలో ఆ అదనపు మరణాలు దాదాపు కనుమరుగయ్యాయి. అక్కడ ప్రాణాలు నిలబెట్టింది పోస్టరు కాదు, గాలిలో వచ్చిన మార్పు. మీ ప్లాంటులో ఏ ద్రావకం, ఏ పొగ, ఏ సీసం ధూళి గుండెను, రక్తపోటును దెబ్బతీస్తుందో వైద్యాధికారి చేత జాబితా రాయించండి. ఎడతెగని పెద్ద శబ్దం చెవులనే కాదు, రక్తపోటునూ ముట్టుకుంటుంది కాబట్టి దాన్నీ అందులో చేర్చండి.

నా తోటి కార్మికులకూ ఈ లేఖ చేరుతుందన్న ఆశతో వాళ్లకొక మాట. యాజమాన్యం చేయవలసింది చేసేదాకా మన వంతు ఆపుకోవడానికి వీల్లేదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కారణం లేని చెమట, ఆయాసం, పైకడుపులో పట్టేసినట్టు ఉండడం — వీటిలో ఏది వచ్చినా గ్యాస్ అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. మధుమేహం ఉన్నవారికి నొప్పే లేకుండా గుండెపోటు రావచ్చు. షిఫ్టు అయ్యాక చూద్దామనుకుంటే అప్పటికి చూడడానికి మిగిలేది తక్కువ. మూసుకున్న రక్తనాళం తెరుచుకోవడం ఆలస్యమయ్యే కొద్దీ కండరం చస్తూనే ఉంటుంది, చచ్చిన కండరం మళ్లీ రాదు.

గుండె పూర్తిగా ఆగిపోయినప్పుడు లెక్క నిమిషాల్లోకి వస్తుంది. సీపీఆర్ (ఛాతీని లయబద్ధంగా నొక్కి రక్తాన్ని నడిపించే ప్రథమ చికిత్స), విద్యుత్ షాక్ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అమెరికాలో జూదశాలల భద్రతా సిబ్బందికి సీపీఆర్ చేయడం, ఆ షాక్ ఇచ్చే ఏఈడీ పరికరం వాడడం నేర్పించి చూసిన పరిశోధన 2000లో ప్రచురితమైంది. కళ్లముందే కూలిపోయి, గుండె లయ తప్పినవారిలో మూడు నిమిషాల్లోపు షాక్ అందినవారు 74 శాతం మంది బతికి బయటపడ్డారు. మూడు నిమిషాలు దాటినవారిలో 49 శాతం మంది. ఆ ప్రాణాలు కాపాడినవాళ్లు వైద్యులు కారు, గార్డులు. ప్రతి కర్మాగారంలోనూ, ప్రతి షిఫ్టులోనూ గార్డులున్నారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు ఛాతీని నొక్కడం నేర్పడానికి ఒక పూట చాలు. మంటలార్పే గొట్టం ఎంతసేపట్లో విప్పాలో మనకు లెక్క ఉంది. ఏఈడీ అంతసేపట్లో ఎక్కడికి చేరుతుందో లెక్క లేదు, ఎందుకంటే చాలాచోట్ల అసలు ఏఈడీ లేదు.

వచ్చే భద్రతా కమిటీ సమావేశం ఎజెండాలో ఒక్క అంశం చేర్చమని వేడుకుంటున్నాను. తెల్లవారుజామున మూడు గంటలకు, ముందుగా ఎవరికీ చెప్పకుండా, గేటుకు అన్నిటికంటే దూరంగా ఉన్న యంత్రం దగ్గర ఒక మనిషిని పడుకోబెట్టండి. అతని పక్కనున్నవాడు ఎవరికి ఫోన్ చేస్తాడో, ఎవరు ముందు వస్తారో, స్ట్రెచరు ఎక్కడుందో, గేటు పాసు లేకుండా బండి బయటికి వెళ్లగలదో లేదో చూసి, అంబులెన్సు గేటు దాటే క్షణం వరకు స్టాప్‌వాచ్ నడపండి. అతను పర్మినెంటు ఉద్యోగి అయితే ఎన్ని నిమిషాలు, కాంట్రాక్టు కార్మికుడైతే ఎన్ని నిమిషాలు అన్నది వేర్వేరుగా రాసి, ఆ రెండు అంకెలనూ ‘ప్రమాదాలు: సున్నా’ అని రాసే బోర్డు మీదే, దాని కిందనే పెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత షిఫ్ట్ ఇన్‌చార్జి